గోరువెచ్చని లెక్క

నాలుగింటికి ఆస్పత్రి ఫిర్యాదుల కమిటీ కూర్చుంటుంది. ఇప్పుడు టైం పదకొండూ ఇరవై. ఈలోపు సంగతి తేలకపోతే, వరండాలో బెంచీ చివర సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న టైలరమ్మ ఫిర్యాదు మీద ‘ముగిసినది’ అని ముద్ర పడిపోతుంది. కమిటీ మళ్ళీ కూర్చునేది పదిహేను రోజులకి. టైలరమ్మ దగ్గరున్నవి నాలుగే రోజులు.

ఆమెకి రొమ్ములో గడ్డ తీసేసి శనివారానికి పన్నెండు వారాలవుతుంది. కీమో కావలసిన మనిషికి ఆ పన్నెండు వారాల్లోపు మొదలుపెట్టాలన్నది ఈ ఆస్పత్రి పద్ధతి. గడువు దాటాక ఎక్కించే మందు బండి వెళ్ళిపోయాక కొన్న టికెట్టు లాంటిదని ఇక్కడి నర్సులు చెప్పుకుంటారు.

“మీ అక్కగారి పక్క బెడ్డే మేడమ్ నాది,” అంది టైలరమ్మ పదోసారి. “ఒకే వారం ఆపరేషన్. వయసు ఏడాది తేడా. గడ్డ రిపోర్టు ఇద్దరిదీ పంతొమ్మిది మిల్లీమీటర్లు. ఆవిడకి మందెక్కిస్తున్నారు, నాకు అక్కర్లేదని ఇంటికి పంపారు. ముప్పై ఏళ్ళుగా టేపు మెళ్ళో వేసుకుని బతుకుతున్నదాన్ని. పంతొమ్మిదంటే ఎవరికైనా పంతొమ్మిదే కదా?”

ఆ ప్రశ్నకే జవాబు వెతుకుతోంది జిగురు.

జిగురు అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నప్పుడు పట్టుకున్న కేసు వదలదని తోటివాళ్ళు తగిలించారు. ఆ ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా పేరు మాత్రం ఊడిరాలేదు. టైలరమ్మని ఆమె దగ్గరికి పంపింది స్వయానా అక్కే. డిశ్చార్జి కాగితాలు సర్దుకుంటుంటే అక్కకి ఒక తేడా కనబడింది. గడ్డ కోసి చూసినవాళ్ళ రిపోర్టులో పంతొమ్మిది ఉంటే, సలహా మిషను చీటీలో ఇరవై నాలుగు ఉంది. “నాకు పొరపాటున కీమో ఇస్తున్నారా, ఆవిడకి పొరపాటున మానేశారా? ఏదో ఒకటి తేల్చవే చిట్టీ,” అంది అక్క, జుట్టు లేని తలకి రుమాలు బిగించుకుంటూ.

సలహా మిషను అంటే బావ. బావ అంటే సలహా మిషను. పదకొండేళ్ళు తిండీ నిద్రా మాని దాన్ని తయారు చేసింది అక్క మొగుడే. గడ్డ ఎంతుంది, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయి, వయసెంత, చంకలో గ్రంథులకి పాకిందా, ఇవన్నీ వేస్తే కీమో ఎంత అవసరమో నూటికి ఇన్ని అని చెబుతుంది. యాభై దాటితే ఇవ్వాలి, దాటకపోతే అక్కర్లేదు.

దాని కిటుకు జిగురుకి పదమూడేళ్ళప్పుడే తెలుసు. నాన్న పోయిన ఇంట్లోకి అల్లుడిగా వచ్చిన కొత్తల్లో బావ ఆమెకి లెక్కలు చెప్పేవాడు. ఒకరోజు బకెట్లో చెయ్యి పెట్టించి, “వేడా, చల్లా?” అని అడిగాడు. “గోరువెచ్చగా ఉన్నాయి,” అంది. “చూశావా! నీ చేతికి తెలిసిన ఈ సంగతి కంప్యూటర్‌కి తెలీదు. దానికి వేడి కాకపోతే చల్లనే. దానికి గోరువెచ్చన నేర్పాలి చిట్టీ. దాన్ని ఫజీ లాజిక్ అంటారు.” గడ్డ కూడా అంతేనట. ఇరవై దాకా చిన్నది, ఇరవై ఒకటి కాగానే పెద్దది అనడానికి అది స్కూలు పరీక్ష మార్కు కాదు. చిన్నదీ మధ్యరకానిదీ మధ్య గోడ ఉండకూడదు, వాలు ఉండాలి. ఆ వాలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో పెద్ద డాక్టర్లు ముగ్గురు గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గీసిస్తే, మిషను ఆ మూడు గీతల సగటు తీసుకుంటుంది.

మనుషుల మీద కూడా బావ అలాంటి గీతే గీస్తాడని జిగురు నమ్మకం. తప్పు చేసినవాణ్ణి ఒక్క వేటున చెడ్డవాడనడు. నాన్న తర్వాత ఆమె తల వంచింది ఆయన ఒక్కడి ముందే.

—

మిషనులో కొలతలు కొట్టే ఆపరేటర్ అమ్మాయి ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుంది. అక్క కొలత తప్పుగా కొట్టింది ఆమేనని తేల్చి, ఉద్యోగంలోంచి తీసేసే కాగితం అప్పటికే టైపు చేయించారు.

“ఏడుపు తర్వాత. ముందు టైములు చెప్పు,” అంది జిగురు కుర్చీ లాక్కుని.

కంప్యూటర్‌లో చరిత్ర స్పష్టంగానే ఉంది. అక్క రిపోర్టు వచ్చిన రోజు పన్నెండూ యాభై రెండుకి ఆమె ఫైలులో ‘19’ అని కొట్టారు. మిషను ముప్పై ఎనిమిది అంది. అంటే అక్కర్లేదు. ఒంటిగంటా ఎనిమిదికి అదే ఫైలు మళ్ళీ తెరిచి ‘24’ అని మార్చారు. మిషను అరవై ఒకటి అంది. అంటే కావాలి.

“మొదటిది నేనే కొట్టాను మేడమ్. రెండోది నేను కాదు. ఒంటిగంటకి క్యాంటీన్‌కి వెళ్ళాను. నెలాఖరు లెక్కకని టోకెన్లన్నీ దాచుకుంటాను. ఆరోజు దాని మీద ఒంటిగంటా ఒకటి అని ఉంది, చూడండి. వెనక్కొచ్చేసరికి ఒకటిన్నర.”

“మరి నీ పేరుతోనే మారింది కదా?”

“లంచ్‌కి కంప్యూటర్ ఎవరూ మూసెయ్యరు మేడమ్. మూస్తే మళ్ళీ తెరుచుకోడానికి పది నిమిషాలు పడుతుంది. అందరం అలాగే వదిలేసి వెళ్తాం. అయినా ఒకటి తొమ్మిది కొట్టబోయి రెండు నాలుగు ఎలా కొడతాను? ఒక వేలు జారిందంటే నమ్మొచ్చు. రెండు వేళ్ళూ కూడబలుక్కుని జారతాయా?”

పిల్ల ఏడుస్తున్నా బుర్ర మాత్రం పనిచేస్తోంది. జిగురుకి నచ్చింది. “తిరిగొచ్చాక నీ బల్ల మీద ఏదైనా మారిందా? గుర్తు తెచ్చుకో. చిన్నదైనా ఫరవాలేదు.”

“గుర్తు తెచ్చుకోవడం ఎందుకు, దానికి నాకు మెమో కూడా ఇచ్చారు.” సొరుగులోంచి మడత కాగితం తీసింది. “నా మౌస్ ఎవరో కీబోర్డుకి అటు పక్క పెట్టి వెళ్ళారు. ఎడమపక్క. తిట్టుకుంటూ ఇటు లాగితే వైరు తగిలి నీళ్ళ సీసా ఒలికిపోయింది. కీబోర్డు పాడైందని మెమో. తేదీ, టైమూ అన్నీ ఉన్నాయి.”

అదే తేదీ. ఒకటీ ముప్పై ఐదు.

జిగురు ఆ మెమో చదవడానికి అవసరమైనదానికంటే ఎక్కువసేపే చూసింది. మౌస్ ఎడమచేత్తో పట్టుకునేవాళ్ళు లోకంలో కోకొల్లలు. ఈ ఆస్పత్రిలోనే పదిమంది ఉండి ఉంటారు. అక్కావాళ్ళింట్లో భోజనాల బల్ల దగ్గర మోచెయ్యి తగులుతుందని ఎప్పుడూ ఎడమ చివరి కుర్చీలో కూర్చునే మనిషి ఒకడున్నంత మాత్రాన ఏమైంది? పైగా అక్క కొలతని బావ తప్పుగా ఎందుకు మారుస్తాడు? పెళ్ళాం జుట్టు ఊడిపోవాలని ఏ మొగుడు కోరుకుంటాడు?

అలా అని మనసుకి గట్టిగా చెప్పుకుంది. మెమో మాత్రం తిరిగివ్వకుండా జేబులో పెట్టుకుంది.

—

“ఇంకా ఇక్కడే అంటుకున్నావా?”

గుమ్మంలో స్టాంపు. ఆస్పత్రి విజిలెన్స్ ఆఫీసరు. ఒకప్పుడు పోలీసులో జిగురుకి పైఅధికారి. ఏ కేసైనా వారం తిరక్కుండా ముగింపు ముద్ర కొట్టేయడం వల్ల ఆ పేరు వచ్చింది. ఇద్దరూ ఒకే స్టేషన్‌లో ఉన్న రోజుల్లో ఆ గదిని అందరూ స్టేషనరీ షాపు అనేవారు. ఆమె ఎనిమిది నెలలు తిరిగి పట్టిన దొంగతనం కేసుని చివరిరోజు తన పేరు మీద రాసుకున్న మహానుభావుడు ఈయనే. ఆమె ఉద్యోగం మానేసింది ఆ మర్నాడే.

“టైపింగ్ పొరపాటు. ఈ అమ్మాయి చేసింది. మీ అక్కకి అనవసరంగా కీమో పడింది, సారీ చెబుతాం. టైలరమ్మకి అక్కర్లేదు, సంతోషంగా ఇంటికెళ్ళమను. అయిపోయింది,” అన్నాడు స్టాంపు.

“ఈ అమ్మాయి ఆ టైముకి క్యాంటీన్‌లో ఉంది సార్. టోకెన్ చూడండి.”

“టోకెన్లు ఒకరివి ఒకరు వాడుకుంటారు.”

“మౌస్‌లు కూడానా?”

“నీకు కొండని తవ్వి ఎలుకని పట్టడం సరదా. ఇప్పుడు మౌస్ పట్టావన్నమాట.” తన జోకుకి తనే నవ్వుకున్నాడు. తర్వాత గొంతు మారింది. “చూడు, ఆ మిషను మీద దుమ్మెత్తి పోస్తే ఊరుకోను. అందరికీ కీమో కీమో అని భయపెట్టే రోజులు పోయాయి దానివల్ల. మా ఇంట్లో మనిషికీ ఆపరేషనయింది. ఏం వినాల్సొస్తుందోనని నెలరోజులు ముద్ద దిగలేదు మాకు. ఆ మిషను అక్కర్లేదని చెప్పిన రోజు కడుపునిండా తిన్నాం.” చొక్కా జేబు తట్టుకున్నాడు. “ఆ చీటీ ఇంకా ఇక్కడే ఉంది.”

ఆయన కళ్ళలో తడి చూడటం జిగురుకి అదే మొదటిసారి. జాలిపడదామనుకుంది కానీ పాత కోపం అడ్డొచ్చింది.

“గీతల ఫైలు చూడాలి సార్. డాక్టర్లు గీసినవి. కమిటీ నాకు అనుమతి ఇచ్చింది.”

“చూసుకో. మూడున్నరకి ముగింపు కాగితం తెస్తాను, టైలరమ్మ తరఫున సంతకం పెట్టు.”

—

రికార్డు గది కిటికీ దగ్గర ఆమె మూడు గ్రాఫు కాగితాలూ వరసగా పరిచింది. ఐదు నెలల కిందటివి. మూడింటి కిందా మూడు వేరువేరు సంతకాలు, పెన్నుతో. పైన పెన్సిలు గీతలు. వాలు ఇరవై దగ్గర మొదలై ముప్పై ఐదు దగ్గర ముగుస్తోంది. ఒకరిది కాస్త ఇటు, ఒకరిది కాస్త అటు, ముగ్గురు మనుషులు గీసినట్టే ఉంది.

జేబులోంచి భూతద్దం తీసింది. పెన్సిలు అంకెల మీదుగా బూడిదరంగు మసక కనబడింది. రాసిన చెయ్యి రాసినదాని మీద నుంచే పాకుతూ కుడివైపుకి వెళ్ళినప్పుడు పడే మసక అది. కుడిచేత్తో రాసేవాళ్ళకి అలా పడదు. పుర్రచేతి వాటం వాళ్ళకే పడుతుంది.

మొదటి కాగితంలో ఉంది. రెండో దాంట్లోనూ ఉంది. మూడో దాంట్లో మరీ బాగా ఉంది.

ముగ్గురు పెద్ద డాక్టర్లకీ ఎడమచేతి వాటమేనా? ఆమె లేచి ఆపరేషన్ థియేటర్ బయటికి వెళ్ళి నిలబడింది. ఒకటీ నలభైకి పెద్ద డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది. నలభై ఏళ్ళుగా గడ్డలు తీస్తున్న మనిషి. జిగురు ఆమె చేతికి ఖాళీ గ్రాఫు కాగితం, పెన్సిలు ఇచ్చింది.

“డాక్టరమ్మా, మీ వాలు మళ్ళీ ఒకసారి గీస్తారా?”

“ఇప్పుడా? నాకింకో ఆపరేషన్ ఉందమ్మా.” అంటూనే గోడకి ఆనించి గీసింది. కుడిచేత్తో. పదిహేను దగ్గర మొదలుపెట్టి ముప్పై దాకా. “పదిహేను దాటిందంటే నాకు భయం మొదలవుతుంది. కణాలు వేగంగా పెరిగే రకమైతే మరీను. ముగ్గురం అదే చెప్పాం.”

జిగురు ఫైలులో కాగితం చూపించింది. డాక్టరమ్మ కళ్ళద్దాలు పైకి నెట్టుకుని చూసింది. మళ్ళీ చూసింది.

“సంతకం నాది. గీత నాది కాదు.”

“సంతకం ఎలా వచ్చింది?”

డాక్టరమ్మ గోడని ఆనుకుంది. “మేం గీసినవి కొట్టివేతలతో నిండిపోయాయి. ‘ఫెయిర్ కాపీ నేను చేసుకుంటాను మేడమ్, ఖాళీ కాగితం కింద సంతకం పెట్టివ్వండి చాలు’ అన్నాడు. మాకు ఎప్పుడూ తొందరే కదా. ప్రిస్క్రిప్షన్లే అలా ముందు సంతకం పెట్టేసి ఇచ్చే అలవాటు. పదకొండేళ్ళుగా చూస్తున్న మనిషి, నమ్మాం. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయన్నమాట.” కాసేపాగి అంది. “మిషను ముప్పై ఎనిమిది అంటే నేనూ ఎదురు చెప్పలేదు. నేను గీసిన గీతే కదా అనుకున్నాను. ఎంతమందిని ఇంటికి పంపానో!”

ఎవరన్నారని జిగురు అడగలేదు. అడగాల్సిన అవసరం లేకపోయింది.

గీత పదిహేను నుంచి ఇరవైకి జరిగింది. ఐదు మిల్లీమీటర్లు. అక్క కొలత పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగుకి జరిగింది. అదీ ఐదే.

ఆ రెండు ఐదులూ పక్కపక్కన నిలబడగానే, పొద్దుటినుంచీ ఆమెని వేధించిన ప్రశ్నకి జవాబు దొరికిపోయింది. అక్క కొలత మార్చింది అక్కకి కీడు చేయడానికి కాదు, కాపాడటానికి. గీతని జరిపినవాడికి ఆ గీత అబద్ధమని తెలుసు. అందుకని పెళ్ళాన్ని కూడా అంతే దూరం జరిపాడు. మిగిలినవాళ్ళని ఉన్నచోటే వదిలేశాడు.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మరదలు పట్టగలదు. పట్టాక ఏం చెయ్యాలో తెలియదు, అంతే. ఆమె రికార్డు గదికి తిరిగొచ్చి, తలుపు వేసుకుని, రెండు నిమిషాలు ఏడ్చింది. తర్వాత ముఖం కడుక్కుంది.

—

బావ గదిలోకి వెళ్ళేసరికి రెండూ యాభై.

“రా చిట్టీ. కమిటీ తేల్చేదాకా మందు ఆపొద్దన్నాను. అక్కకి మూడో డోసు సగమైంది. చేతులు చల్లబడుతున్నాయంటే దుప్పటి కప్పి వచ్చాను.” బల్ల చివర సీసా ఎడమచేత్తో అందుకుని నీళ్ళు పోసిచ్చాడు. “తేలిందా? నేను చెప్పాను కదా, టైపింగ్ పొరపాటే అయ్యుంటుందని.”

జిగురు గ్లాసు ముట్టుకోలేదు.

“ఆరోజు ఒంటిగంటా ఎనిమిదికి మీరెక్కడున్నారు?”

బావ నవ్వాడు. “మీరా? నన్ను మీరంటున్నావా చిట్టీ?”

“సమాధానం చెప్పండి.”

నవ్వు ఆయన ముఖం మీద ఎక్కడ ఆగాలో తెలియక కాసేపు ఉండి పోయింది. ఆమె మెమో పెట్టింది. మూడు గ్రాఫు కాగితాలు పెట్టింది. డాక్టరమ్మ గోడకి ఆనించి గీసిన కొత్త కాగితం పైన పెట్టింది. బావ దేన్నీ ముట్టుకోలేదు. తన రెండు చేతులూ బల్ల కిందికి తీసుకున్నాడు, ముఖ్యంగా ఎడమచెయ్యి.

“తొంభై కలవాలన్నారు,” అన్నాడు. “పాత వంద కేసులు ఇచ్చి, కీమో కావాలా వద్దా అని అప్పటి డాక్టర్ల కమిటీ చెప్పినదానితో తొంభై కలిస్తేనే మిషనుకి అనుమతి అన్నారు. డాక్టర్ల గీతతో ఎనభై నాలుగే కలిశాయి. ఎందుకో తెలుసా? పాత కమిటీకి కణాల వేగం కొలిచే పరీక్షే లేదు. వాళ్ళు చేసిన తప్పులతో సహా కలిస్తే పాసంట. పదకొండేళ్ళ పని చిట్టీ. గీత ఐదు జరిపితే తొంభై రెండు వచ్చింది.”

“వాళ్ళ తప్పులు మిషనుకి నేర్పారు.”

“అనుమతి వచ్చాక మళ్ళీ వెనక్కి జరుపుదామనుకున్నాను. ఒట్టు. ఒకసారి వచ్చాక గీత ముట్టుకోవాలంటే మళ్ళీ పరీక్షలన్నారు. ఎందుకు జరపాలో చెప్పమంటే ఏం చెప్పను? ఎవరో ఒకరిద్దరు ఆ మధ్యలో పడతారేమో అనుకున్నాను. ఇంతలో మీ అక్క రిపోర్టు వచ్చింది.”

“పంతొమ్మిది.”

“పంతొమ్మిది. ఆ అంకెకి మిషను ఏమంటుందో నాకు ముందే తెలుసు.”

“పన్నెండూ యాభై రెండుకి మిషను అక్కర్లేదంది. ఒంటిగంటా ఎనిమిదికి మీరు మార్చారు. పదహారు నిమిషాలు పట్టింది మీకు అక్కని కాపాడటానికి.” బల్ల అంచు పట్టుకుంది. “ఐదు నెలల్లో వాళ్ళ కోసం ఇంకో పదహారు నిమిషాలు దొరకలేదా మీకు? ఆ ఆపరేటర్ పిల్ల ఉద్యోగం పోతుంటే చూస్తూ కూర్చున్నారు. నాకు గోరువెచ్చన నేర్పింది మీరు! తప్పుకీ ఒప్పుకీ మధ్య వాలుంటుందని చెబితే, అది ఎదుటివాళ్ళని క్షమించడానికనుకున్నాను. మీరు మెల్లిగా జారిపోవడానికని తెలియదు.”

బావ తల దించుకున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన తల దించుకోగా ఆమె చూడలేదు. గెలిచినట్టు అనిపించాలి. ఇల్లు కూలినట్టు అనిపించింది.

“కమిటీకి నేనే చెబుతాను. మీ అక్కకి మాత్రం చెప్పకు చిట్టీ. ఈ మందు శరీరానికి పట్టాలంటే మనసు బాగుండాలి.”

“టైలరమ్మని నా దగ్గరికి పంపింది అక్కే. చెప్పకుండా ఎన్నాళ్ళు దాస్తారు? మీ నోటితో మీరే చెప్పండి. ముందు ఇది చెప్పండి. ఎంతమంది?”

బావ కింది సొరుగు తాళం తీసి ఒక కాగితం పైకి తీశాడు. పెన్సిలుతో రాసిన జాబితా. పేర్లు లేవు, ఫైలు నంబర్లే. పదకొండు. పక్కన గడ్డ కొలత, దాని పక్కన ఆపరేషనయి ఎన్ని వారాలైందో. ఆ వారాల అంకెలన్నీ చెరిపి చెరిపి మళ్ళీ రాసినవి. కాగితం అక్కడ పల్చబడి చిరగడానికి సిద్ధంగా ఉంది.

ప్రతి సోమవారం ఒక్కొక్కటీ పెంచుకుంటూ వచ్చాడన్నమాట. తెలిసి, లెక్కపెట్టుకుంటూ.

పన్నెండు దాటిన మూడింటి చుట్టూ సున్నాలు చుట్టి ఉన్నాయి. సున్నా పడనివాటిలో మొదటి నంబరు టైలరమ్మది. పక్కన పదకొండు.

“డాక్టర్లు మొదట గీసిన కాగితాలేవి?”

“చింపేశాను. ముగ్గురూ మళ్ళీ గీసి కలపాలంటే రోజులు పడుతుంది. ఆ సగటు వాలు ఖచ్చితంగా ఎక్కడెక్కడుందో ఇప్పుడు నా బుర్రలోనే ఉంది. నేను చెబితేనే మిషను సరవుతుంది.”

“అయితే లేవండి.”

—

అప్పుడే తలుపు తట్టకుండా లోపలికొచ్చాడు స్టాంపు. సరిగ్గా మూడున్నర. చేతిలో ముగింపు కాగితం, అప్పటికే ముద్ర పడి ఉంది.

“సంతకం,” అన్నాడు పెన్ను చాపుతూ. “బావామరదళ్ళ ముచ్చట్లు తర్వాత.”

“సంతకం పెడతాను సార్. ముందు ఇది చదవండి. గీత జరిపేశారు. ఈ పదకొండు మందికీ మిషను అక్కర్లేదని అబద్ధం చెప్పింది. ఈయనే ఒప్పుకున్నారు.”

“మళ్ళీ మొదలు! ఆ మిషను మీద దుమ్మెత్తి పొయ్యొద్దన్నానా?” విసుగ్గా కాగితం లాక్కున్నాడు. చింపేద్దామన్నట్టు రెండు చేతులా పట్టుకున్నాడు కూడా.

ఆ చేతులు అక్కడే ఆగిపోయాయి.

ఆయన చూపు పైనుంచి మూడో వరస మీద నిలిచింది. కాగితం బల్ల మీద పెట్టి, చొక్కా జేబులోంచి నాలుగు మడతల చీటీ తీశాడు. మడతల దగ్గర మాసిపోయి, ఎన్నోసార్లు విప్పి చూసుకున్న చీటీ. దాన్ని మూడో వరస పక్కన ఆనించాడు. నంబరుకి నంబరు. పద్దెనిమిది మిల్లీమీటర్లు. కణాల వేగం ఎక్కువ. ముప్పై ఆరు. అక్కర్లేదు.

జాబితాలో ఆ నంబరు పక్కన పద్నాలుగు వారాలు. చుట్టూ సున్నా.

“ఈ సున్నా ఏమిటి?” అని అడిగాడు. జవాబు తెలిసినవాడి గొంతు అది.

బావ కళ్ళు మూసుకున్నాడు.

“ఏమిటిది?” అని గర్జించి బల్ల చుట్టూ బావ వైపు వచ్చాడు. వస్తూ వస్తూ నీళ్ళ సీసా అందుకున్నాడు. గాజు సీసా. బావ కదల్లేదు, తప్పుకునే ప్రయత్నం కూడా చెయ్యలేదు. జిగురు మధ్యలోకి వచ్చి నిలబడింది.

“జరుగు.”

“జరగను సార్.”

“బావని కాపాడుకుంటున్నావా? ఇంతమందిని చంపినవాణ్ణి!”

“నాకిప్పుడు ఈయన బావ కాదు.” ఆ మాట అనడానికి ఎంత కష్టపడిందో ఆ గదిలో బావకొక్కడికే తెలుసు. “కానీ అసలు గీత ఎక్కడుందో ఇవాళే చెప్పగలిగిన నోరు ఇదొక్కటే. మీరిప్పుడు ఆ సీసాతో దీన్ని మూయిస్తే నాలుగింటికి కమిటీ ముందు ఎవరు మాట్లాడతారు? ఇంకా ఎనిమిది మందికి గడువుంది సార్. మిగతా ముగ్గురి సంగతీ డాక్టరమ్మ ఇవాళే చూడాలి, మీ ఇంట్లో మనిషిదీ. ఆలస్యంగా ఇస్తే ఎంతోకొంతైనా పనిచేస్తుందేమో ఆమె చెప్పాలి. మీరూ నేనూ కాదు.”

స్టాంపు చేతిలో సీసా పక్కకి ఒరిగింది. నీళ్ళు మణికట్టు మీదుగా కారి నేల మీద పడ్డాయి. తర్వాత సీసా బల్ల మీద పెట్టాడు. ముద్ర కొట్టిన ముగింపు కాగితాన్ని నిలువుగా చింపాడు, మళ్ళీ అడ్డంగా చింపాడు. తన చీటీని మాత్రం పాత మడతల మీదే మడిచాడు. జేబులో పెట్టుకోవడానికి చెయ్యి రాలేదు కాబోలు, గుప్పిట్లోనే ఉంచుకున్నాడు.

“నడిపించు,” అన్నాడు జిగురుతో. “నేను వెనకుంటాను. పారిపోడులే.”

వరండాలో ముందు బావ, మధ్యలో జిగురు, వెనక స్టాంపు. అక్కకి మందెక్కుతున్న వార్డు గుమ్మం దగ్గర బావ అడుగు ఒక్క క్షణం తడబడింది. జిగురు లోపలికి చూడలేదు. చూస్తే తనూ ఆగిపోతుంది. మూడూ యాభై రెండు.

కమిటీ గది బయట టైలరమ్మ బెంచీ మీంచి లేచి నిలబడింది. ముందు జిగురుని చూసింది, తర్వాత ఆమె వెనకున్న మనిషిని చూసి సంచి గట్టిగా పట్టుకుంది. పొద్దుట ఆమెని ఇంటికి పొమ్మని కసిరింది ఆయనే.

“నా ఫిర్యాదు మూసేశారా సార్?”

స్టాంపు మిగతా ఇద్దరినీ లోపలికి పంపి ఆమె వైపు తిరిగాడు.

“లేదమ్మా. మీకింకా నాలుగు రోజులున్నాయి,” అన్నాడు. అని, ఆమె పక్కనే బెంచీ మీద కూలబడి గుప్పిట విప్పి చూసుకున్నాడు.